తోడుకోని సుద్ద

ఆ రోజుల్లో బీయస్సీ పాసయ్యామంటే లోకంలో సగం సంగతులు తెలిసిపోయినట్టేనని మాకొక నమ్మకం ఉండేది. మిగతా సగం ఎలాగూ ఎమ్మెస్సీలో చెబుతారు, ఈలోగా తెలిసిన సగంతో నలుగురినీ ఉద్ధరించవచ్చు. తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం నేను సరిగ్గా ఆ స్థితిలో ఉన్నాను. కెమిస్ట్రీలో మా కాలేజీ ఫస్టు నాదే (మా బ్యాచ్‌లో ఆ గ్రూపు తీసుకున్నది పదకొండు మంది, అందులో నలుగురు పరీక్షలకే రాలేదు. ఈ వివరం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను). ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో ఫ్యాను కింద బోర్లా పడుకుని, కూరలో ఉప్పు ఎక్కువైతే అది ఎందుకు ఎక్కువైందో మా అమ్మకి రసాయన శాస్త్ర పరంగా వివరిస్తూ ఉండేవాణ్ణి. ఆవిడ రెండు వారాలు ఓర్చుకుంది. మూడో వారం నా బట్టలు సంచిలో సర్ది, మావయ్య దగ్గర ఏదైనా పని నేర్చుకొమ్మని బెజవాడ బస్సెక్కించింది.

మా మేనమామకి గవర్నర్‌పేటలో స్టేషనరీ షాపు ఉండేది. నోటు పుస్తకాలు, అట్టలు, సిరా, రబ్బర్లు అన్నీ హోల్‌సేలులో కొనుక్కొచ్చి అమ్మేవాడు గానీ సుద్దముక్కలు మాత్రం సొంతంగా చేయించేవాడు. బందరు కాలువ గట్టు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పెద్ద ఊక పొయ్యి, పొయ్యి మీద బండి చక్రమంత ఇనప పెనం, పక్క గదిలో అచ్చులు. సుద్దముక్క అంటాం గానీ ఈ సుద్దముక్కల్లో సుద్ద ఉండదు, జిప్సం ఉంటుంది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తే తర్వాత మీకు ఇబ్బంది ఉండదు. జిప్సం తెల్లటి మెత్తటి రాయి. దంచి పిండి చేసి చేత్తో పట్టుకుంటే ఎండిన పిండిలాగే ఉంటుంది గానీ లోపల నీళ్లు దాక్కుని ఉంటాయి. ప్రతి అణువుకీ రెండు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. దాన్ని వేడి చేస్తే ఆ రెండింట్లో ఒకటిన్నర ఆవిరైపోయి అర మిగులుతుంది. అప్పుడది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఆ పిండిలో మళ్లీ నీళ్లు కలిపితే, పోగొట్టుకున్న నీళ్లన్నీ తిరిగి లాక్కుని నిమిషాల్లో గట్టిపడి కూర్చుంటుంది. అచ్చులో పోసి ఉంటే సుద్దముక్క అవుతుంది. వేడి మరీ ఎక్కువై ఆ మిగిలిన అర కూడా పోయిందంటే మాత్రం, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పట్టుకోదు, బురదలా ఉండిపోతుంది. ఇదంతా పుస్తకంలో ఉంది, నాకు కంఠతా వచ్చు. అందువల్ల ఆ తర్వాత జరిగినదానికి చదువు లేకపోవడం కారణమని చెప్పుకునే వీలు కూడా నాకు లేకుండా పోయింది.

పొయ్యి దగ్గర ఉండేది ఒక్కరే, భాయ్ గారు. అరవై దాటిన మనిషి. గళ్ల లుంగీ, బనీను, నెత్తి మీద తడి తువ్వాలు, చేతిలో పొడుగాటి ఇనప తెడ్డు. మా తాతయ్య ఆ షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఆయనే ఆ పొయ్యి చూస్తున్నారు. ఆయన కనుబొమలు నెరిసిపోయాయనుకున్నాను మొదటి వారం. శుక్రవారం నమాజుకి వెళ్లేముందు ముఖం కడుక్కుంటే నల్లగా బయటపడ్డాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని ఆయన 'ప్యారీ' అనేవారు. షెడ్డులో అందరికీ అదే పేరు అలవాటైపోయింది. అది ప్యారీ కాదు భాయ్, పారిస్, ఫ్రాన్సులో ఒక ఊరు అని నేను సరిదిద్దాను. ఆయన శ్రద్ధగా విని, అక్కడ కూడా ఊక పొయ్యి మీదే చేస్తారా అని అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పడం అలవాటు లేక, అక్కడంతా వేరే పద్ధతి అన్నాను.

రెండో మనిషి అచ్చులక్క. పిండి కలిపి అచ్చుల్లో పోసే పని ఆవిడది. ఇంకో నలుగురు ఆడవాళ్లు ముక్కల్ని ఎండలో పరిచి, పెట్టెల్లో సర్దేవాళ్లు గానీ, గట్టిగా మాట్లాడేది ఆవిడొక్కతే. పిండి అచ్చులో గట్టిపడటాన్ని ఆవిడ తోడుకోవడం అనేది, పెరుగు తోడుకున్నట్టే. అదీ నేను సరిదిద్దబోయాను. మీ పుస్తకంలో ఏమంటారో చెప్పండి, రేపటినుంచి అదే అంటాను అంది. ఘనీభవించడం అన్నాను. ఆవిడ ఒకసారి అనడానికి ప్రయత్నించి, నవ్వాపుకోలేక గదిలోకి వెళ్లిపోయింది.

భాయ్ గారితో నాకు అసలు పేచీ వచ్చింది ఒక మాట దగ్గర. పెనంలో జిప్సం వేడెక్కుతుంటే ఆయన "ఉడుకుతోంది" అనేవారు. వంటింట్లో ఏ చిన్నపిల్లనడిగినా చెబుతుంది, నీళ్లలో వేస్తే ఉడకడం, పొడిగా పెనం మీద వేస్తే వేగడం. బొంబాయి రవ్వ వేయిస్తాం గానీ ఉడికిస్తామా? అందుకని ఆయన 'ఉడికింది' అని చెప్పినప్పుడల్లా, మావయ్య నాకు అప్పగించిన రోజువారీ రిజిస్టరులో నేను 'వేగినది' అని రాసేవాణ్ణి. నిజానికి ఆ మొదటి రెండు వారాల్లో పొయ్యి దగ్గరికి వెళ్లి పెనంలోకి తొంగిచూసిన పాపాన పోలేదు. అక్కడ వేడి. నా రిజిస్టరు, నా కుర్చీ, నా టేబుల్ ఫ్యాను అవతలి గదిలో ఉండేవి. షెడ్డు చివర నుంచి వినిపించే మాటల్ని అక్కడినుంచే దిద్దేవాణ్ణి.

మా మావయ్యకి 'సైంటిఫిక్' అన్న మాట మీద విపరీతమైన ప్రేమ. నేను వచ్చిన మూడో రోజునుంచే షాపుకొచ్చిన ప్రతి మేష్టారితోనూ, మా మేనల్లుడు సైంటిస్టండీ, ఇకనుంచీ మన సుద్దంతా సైంటిఫిక్ సుద్ద అని చెప్పడం మొదలుపెట్టాడు. మే నెల మొదట్లో ఒక రోజు నన్ను కూర్చోబెట్టి అసలు సంగతి బయటపెట్టాడు. భాయ్ గారికి వయసైపోయింది. ఆయన కంటి చూపుతో, చేతి అంచనాతో చేస్తున్న పనిని ఇక సైంటిఫిక్‌గా చేయాలి. వచ్చే సోమవారం ఒక బస్తా జిప్సం నేను సొంతంగా తయారు చేసి చూపించాలి. ముక్కలు బాగా వస్తే ఆ పొయ్యి నాది, భాయ్ గారికి ఇక సెలవు. రాకపోతే ఎప్పటిలాగే ఆయనే. జూన్లో బళ్లు తెరుస్తారు కాబట్టి తేల్చుకోవడానికి ఎక్కువ టైము లేదు.

ఈ సంగతి మావయ్య భాయ్ గారికి కూడా నా ఎదురుగానే చెప్పాడు. భాయ్ గారు తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, సంతోషమండీ అన్నారు. నవ్వారు కూడా. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తాతల నాటి నుంచీ ఉన్న చోటు ఊడబోతుంటే నవ్వే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఏదో మనసులో పెట్టుకున్నారని గట్టిగా అనుకున్నాను. దానికి తగ్గట్టు ఆ మర్నాటి నుంచీ ఆయన నా వెంట పడటం మొదలుపెట్టారు. నేను రిజిస్టరు రాసుకుంటుంటే వచ్చి పక్కన నిలబడి, ఊక ఎంత వేయాలో, తెడ్డు ఎటునుంచి ఎటు తిప్పాలో చెప్పేవారు. టీ తాగుతుంటే వచ్చి, పిండి చప్పుడు మారినప్పుడు వినాలి బాబూ అనేవారు. నన్ను తికమక పెట్టడానికే ఇదంతా అని నాకు అర్థమైపోయింది (అప్పట్లో నాకు చాలా విషయాలు ఇలాగే అర్థమైపోతుండేవి). ఒకసారి ఆయన్ని కూర్చోబెట్టి సిద్ధాంతమంతా చెప్పాను. రెండు నీళ్లలో ఒకటిన్నర పోవాలి అన్నాను. ఆయన వేళ్ల మీద లెక్క చూసుకుని, "మరి మిగిలిన అర?" అని అడిగారు. అది ఉండాలి, అదీ పోతే పనికిరాదు అన్నాను.

"నేను చెప్పేదీ అదే కదండీ బాబూ. మొత్తం పోతే ప్యారీ చచ్చిపోద్ది. పానం కొంచెం ఉంచి తియ్యాలి."

ఇద్దరం ఒకే మాట చెప్పుకున్నామని నాకు అప్పుడు తట్టలేదు. ప్రాణం ఏమిటి, ఇది ఖనిజం అని మాత్రం అన్నాను.

సోమవారం వచ్చింది. కాలువలు కట్టేసిన రోజులు, బందరు కాలువలో అడుగున పాచి పట్టిన గుంటలు తప్ప నీళ్లు లేవు. పొద్దున ఎనిమిదింటికే రేకులు టపటపలాడుతున్నాయి. నా దగ్గర ఉన్న ఆయుధం ఒక థర్మామీటరు. మూడు వందల అరవై డిగ్రీల దాకా కొలిచేది. గవర్నర్‌పేటలోనే సైన్సు సామాన్లమ్మే షాపులో మావయ్య కొనిపెట్టాడు. మా కాలేజీలో ఉన్నవి నూటపదితో ఆగిపోయేవి, కాబట్టి దీన్ని ముట్టుకోవడానికే నాకు భయంగా ఉండేది. పుస్తకం ప్రకారం నూట ఇరవై డిగ్రీలు రావాలి. రాగానే దించాలి. ఇంత చిన్న పనికి ముప్పయ్యేళ్ల అనుభవం ఎందుకో నాకు అర్థం కాలేదు. పదిన్నరకి పెనంలో బస్తా పిండి పోయించి, అంచుకి దగ్గరగా ఒక మూల థర్మామీటరుని పిండిలో గుచ్చి, కదలకుండా తీగతో కట్టాను. తెడ్డు తగిలితే గాజు పగిలిపోతుంది గనక ఆ మూల వదిలేసి మిగతా పెనమంతా తిప్పడం మొదలుపెట్టాను. భాయ్ గారు రెండు అడుగుల దూరంలో నిలబడి, ఆ మూలకి కూడా తెడ్డు పోనియ్యండి బాబూ అన్నారు. థర్మామీటరు పగలాలని ఆయన కోరిక అన్నమాట. నేను వినిపించుకోలేదు.

పావుగంట దాటాక జరిగిన దానికి నేను సిద్ధంగా లేను. పిండి కదిలింది. నేను తెడ్డు తిప్పడం ఆపినా అది కదులుతూనే ఉంది. ముందు అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న గుంటలు పడ్డాయి. తర్వాత పెనమంతా బుడబుడమంటూ, పొంగడానికి వచ్చిన పాలలాగా, ఒక్క చుక్క నీళ్లు లేని పొడి పిండి ఉడకడం మొదలుపెట్టింది. అవును, ఉడకడమే. ఇంకో మాట లేదు. లోపలి నీళ్లు ఆవిరై పైకి తన్నుకొస్తుంటే ఆ ఆవిరి మీద పిండి తేలి నీళ్లలా పొర్లుతుంది. (కొన్నేళ్ల తర్వాత పరిశ్రమల వాళ్లు రాసిన లావుపాటి పుస్తకం ఒకటి చూశాను. అందులో కూడా వాళ్లు ఉడకడమనే రాసుకున్నారు.) ఆ క్షణంలో మాత్రం నాకు తోచింది వేరు. లారీలో వచ్చిన జిప్సం తడిసిపోయింది, సరుకు ఇచ్చినవాడు మోసం చేశాడు, ముందు ఈ తడంతా ఆరాలి అనుకుని, రెండు చేటల ఊక ఎక్కువ వేశాను.

అరగంటకి ఉడుకు తగ్గింది. పొర్లుతున్న పిండి ఒక్కసారిగా ఊపిరి వదిలేసినట్టు కిందికి కుంగి, అడుగున కూర్చుంది. చప్పుడు ఆగిపోయింది. భాయ్ గారు ముందుకొచ్చి, "కూర్చుంది బాబూ, ఇప్పుడు దించేయండి" అన్నారు. నేను థర్మామీటరు చూశాను. తొంభై ఆరు. నూట ఇరవై రావాలి, ఇంకా ఇరవై నాలుగు డిగ్రీలు కావాలి, ఈయన ఇప్పుడే దించమంటున్నారు. పచ్చి పిండి దింపించి నా పరువు తీద్దామని ప్లాను. ఇంకో చేట ఊక వేశాను. ఆయన అటూ ఇటూ తిరిగారు. లోపలికెళ్లి తను అన్నం తినే స్టీలు పళ్లెం పట్టుకొచ్చారు. పెనం మీదికి పళ్లెం చాపి, నా ముఖం వైపు చూశారు. పదకొండున్నర అవుతోంది. ఆకలేస్తే మీరు వెళ్లి తినండి భాయ్, నాకు ఇప్పుడే వద్దు అన్నాను. ఆయన పళ్లెం వైపు, నా వైపు చూసి, పళ్లెం దించేశారు. పళ్లెం చల్లగా ఉంటే, పిండిలో నీళ్లు ఇంకా పోతున్నంతసేపూ దాని మీద చెమట పడుతుందనీ, చెమట ఆగిపోతే దించాల్సిన సమయం వచ్చినట్టనీ, ఆ షెడ్డులో థర్మామీటరంటే ఆ పళ్లెమేననీ నాకు అప్పుడు తెలియదు.

థర్మామీటరు మెల్లగా పాకుతోంది. నూరు. నూట మూడు. పిండి వేడిని అంత తేలిగ్గా పక్కకి పోనివ్వదు. తెడ్డు తగలని మూలలో గుట్టగా పడి ఉన్న పిండి పాపం తన మానాన తను నెమ్మదిగా వేడెక్కుతోంది, నడిమి పెనంలో ఏం జరుగుతోందో దానికేం తెలుసు. నడిమి పెనంలో పిండి మళ్లీ ఇంకోసారి కదిలి, చిన్నగా ఉడికి, అదీ ఆగిపోయింది, అంటే ఆ మిగిలిన అర నీళ్లూ పోయాయన్నమాట. పెనం అడుగు ఎర్రబడింది. భాయ్ గారు తువ్వాలుతో ముఖం కప్పుకుని వెళ్లి జిప్సం బస్తా మీద కూర్చున్నారు. ఒంటిగంటకి కాస్త ముందు నా థర్మామీటరు సరిగ్గా నూట ఇరవై చూపించింది. ఒక్క డిగ్రీ అటూ ఇటూ లేదు. దించండి అని అరిచాను. ఆ అరుపులో ఎంత గర్వం ఉందో తలచుకుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతాయి.

పిండి చల్లారాక, నాలుగింటికి మావయ్య షాపు వదిలి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. అచ్చులక్క అచ్చులకి నూనె రాసి, పిండిలో నీళ్లు కలిపి పోసింది. మామూలుగా పది నిమిషాల్లో అయిపోతుంది. పట్టుకుంటే అచ్చు వెచ్చబడుతుంది, విప్పితే ముక్కలు టకటకా రాలతాయి. పది నిమిషాలైంది. అచ్చు చల్లగానే ఉంది. పావుగంట. ఆవిడ వేలితో తాకి చూసి, వేలు చీరకొంగుకి తుడుచుకుంది. మావయ్యే నా తరఫున మాట్లాడాడు. సైంటిఫిక్ పిండి కదా, కొంచెం టైము తీసుకుంటుందేమో అన్నాడు. అరగంట అయింది. పిండి అడుగుకి దిగి, పైన తేట నీళ్లు నిలబడ్డాయి.

అచ్చులక్క ఎవరివైపూ చూడకుండా, "తోడుకోలేదండీ" అంది.

ఆ బస్తా పిండినంతా చచ్చిన పిండి కింద లెక్క కట్టి కాలువ గట్టున గుంట పూడ్చడానికి వేశారు. మావయ్య వెళ్లబోతూ భాయ్ గారి దగ్గర ఆగి, ఇకనుంచీ పొయ్యి ఎప్పటికీ మీదే భాయ్, మిమ్మల్ని కదిలించే మాట ఇంకెప్పుడూ ఎత్తను అన్నాడు. నేను భాయ్ గారి ముఖం వైపు చూశాను. గెలిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూద్దామని, చూసి కుళ్లుకుందామని. ఆయన ముఖం మాడిపోయింది. సరేనండి అన్నారు గానీ ఆ సరే ఎక్కడో నూతిలోంచి వచ్చింది. నాకేం అర్థం కాలేదు.

సాయంత్రం చేతిపంపు దగ్గర ఆయన ముఖం కడుక్కుంటుంటే నేను వెళ్లి పంపు కొట్టాను. కొడుతూ, మనసులో మాట ఆపుకోలేక అనేశాను.

"మీ చోటు మీకే మిగిలింది కదా భాయ్. ఇంక సంతోషమేగా?"

ఆయన తల ఎత్తి చూశారు. నీళ్లు కారుతున్న నల్లటి కనుబొమలు.

"నా చోటా? దాన్ని ఎవరికైనా ఇచ్చేసి పోదామని మూడేళ్ల నుంచీ చూస్తన్నానండి. ఇద్దరికి నేర్పా. ఇద్దరూ వేడి తట్టుకోలేక పారిపోయారు. మీరొచ్చారు, చదువుకున్న పిల్లోడు, ఇంక పర్లేదనుకున్నా. మంగళగిరిలో మా అమ్మాయికి ఫోను కూడా చేయించా, మంచానికి కొత్త నవారు అల్లించమని. వాళ్ల వరండాలో మంచి నీడ ఉంటదండి. ఒక్క ఎండాకాలం నీడన కూర్చుందామనీ, అంతే."

నా చేతిలో పంపు ఆగిపోయింది. మరి వదిలేసి వెళ్లిపోకపోయారా అన్నాను. పొయ్యి చల్లారబెట్టి పోతే జూన్లో పిల్లలకి సుద్ద ఎక్కడిది అన్నారు. మీ తాతగారి కాలం నుంచీ ఒక్క ఏడాది కూడా ఆగలేదని కూడా అన్నారు. అందులో నిష్ఠూరం లేదు, ఉంటే బాగుండేది. వారం రోజులుగా ఆయన నా వెంటపడి చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మూలకి తెడ్డు పోనియ్యమన్నది, దించమన్నది, పళ్లెం పట్టుకొచ్చింది. ఆ షెడ్డులో నేను గెలవాలని నాకంటే ఎక్కువ కోరుకున్నది ఆయనే. నన్ను ఎలాగైనా పాస్ చేయించాలని పరీక్ష హాల్లోనే నిలబడి జవాబులు అందిస్తుంటే, ఒక్కటీ తీసుకోకుండా సున్నా తెచ్చుకున్నాను. సిగ్గేసింది. మామూలుగా సిగ్గేస్తే నేను ఏదో ఒకటి మాట్లాడి కప్పేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం, నాకు నేర్పుతారా అని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పొద్దున ఆరింటికి రండి, ఆ గాజు పుల్ల మాత్రం వద్దు అన్నారు.

మావయ్య మొదట ఒప్పుకోలేదు. ఇంకో బస్తా కూడా గుంటలోకే పోతుందని ఆయన అనుమానం. బస్తా నా పూచీ అని భాయ్ గారు చెప్పాక, సైంటిఫిక్ అనే మాట రెండు రోజులు వాడకుండా ఊరుకుని, అలా ఒప్పుకున్నాననిపించాడు. మే నెలలో మిగిలిన రోజులన్నీ నేను నెత్తిన తడి తువ్వాలు వేసుకుని ఆ పొయ్యి ముందు నిలబడ్డాను. చేతులు బొబ్బలెక్కాయి. కనుబొమలు తెల్లబడ్డాయి. పిండి ఉడికే చప్పుడు మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, కూర్చునే ముందు ఇంకోలా ఉంటుంది. పుస్తకం మూసుకుని వింటే తప్ప ఆ తేడా తెలియదు. రెండు బస్తాలు ముందే దించి పచ్చి చేశాను, అచ్చులక్క వాటిని తిట్టుకుంటూ మళ్లీ పెనంలో పోసింది. ఒకటి కొంచెం మాడ్చాను. ప్రతిసారీ చివర్లో వెనక్కి తిరిగి భాయ్ గారి ముఖం చూసేవాణ్ణి, దించనా అని. ఆయన తల ఊపితే దించేవాణ్ణి. ఆయన తల ఊపకుండా ఒక్కటి కూడా దించలేదు. రిజిస్టరులో 'వేగినది' అన్నవన్నీ కొట్టేసి, పైన 'ఉడికినది' అని రాశాను. మావయ్య ఆ కొట్టివేతలు చూసి ఇదేంట్రా అంటే, కొత్త పద్ధతి అని చెప్పాను.

జూన్ మొదటి వారంలో, బళ్లు తెరవడానికి కొద్దిరోజుల ముందు, ఒక మధ్యాహ్నం. పిండి ఉడుకుతోంది. భాయ్ గారు గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉడుకు తగ్గుతున్నట్టు అనిపించింది. చప్పుడు మారిందా, మారలేదా? అలవాటుగా వెనక్కి తిరిగాను, దించనా అని అడగడానికి. ఆయన నిద్రపోతున్నారు. తల గోడకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, నిజం నిద్ర. పొయ్యి వెలుగుతుండగా ఆ మనిషి కళ్లు మూయడం నేను ఎప్పుడూ చూడలేదు. అచ్చులక్క కూడా పని ఆపి చూసింది. లేపనా అని సైగ చేసింది. వద్దన్నాను. పళ్లెం చాపాను. కొద్దిగా చెమట. ఆగాను. పిండి కుంగి కూర్చుంది. మళ్లీ పళ్లెం చాపాను, పొడిగా ఉంది. దించాను. నా గుండె ఎంత చప్పుడు చేసిందంటే ఆయనకి మెలకువ వస్తుందేమోనని భయమేసింది.

ఆయన లేచేసరికి ముక్కలు అచ్చుల్లోంచి రాలి, తడికల మీద వరసగా పరిచి ఉన్నాయి. కళ్లు నులుముకుంటూ వచ్చి ఒక ముక్క తీసుకున్నారు. గోటితో గీసి చూశారు. ఫటుక్కున విరిచి, లోపల చూశారు. ఇంకో ముక్కతో షెడ్డు తలుపు మీద ఒక గీత గీశారు. తెల్లగా, మెత్తగా, గీరుకోకుండా పడింది. ఆ గీత వైపు కొంచెంసేపు చూసి, ముక్కని జాగ్రత్తగా తడిక మీద దాని చోట దాన్ని పెట్టేసి, నా వైపు తిరిగారు.

"అయితే నేనింక పోనా బాబూ?"

నెల రోజుల కింద ఆయన్ని ఎప్పుడు పంపించేద్దామా అని ఎంత తొందరపడ్డానో నాకు బాగా గుర్తుంది. ఇప్పుడు ఆయనే అడుగుతుంటే, పొండి అన్న చిన్న మాట అనలేకపోయాను. ఇంకో నాలుగు బస్తాలు చూసి వెళ్లండి, వచ్చే శుక్రవారం వెళ్లండి, వాన పడ్డాక వెళ్లండి అని ఏవేవో అన్నాను. ఆయన అన్నీ విని, నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని, మర్నాటి పొద్దున మంగళగిరి బస్సెక్కారు. (నేను జులైలో ఎమ్మెస్సీకి వెళ్లిపోయాను. పొయ్యి అచ్చులక్క పట్టుకుంది, మా ఇద్దరికంటే బాగా చేసిందని మావయ్య ఇప్పటికీ చెబుతాడు.) ఎండాకాలంలో ఇంక ఎంతో మిగల్లేదు, ఆ మిగిలిన నాలుగు రోజులైనా ఆయన ఆ వరండాలో కూర్చున్నారు. నేను నా థర్మామీటరు మాట వినకుండా ఆయన మాట విని ఉంటే ఇంకో నెల కూర్చునేవారు. లోకంలో సగం సంగతులు తెలిసిన ఆ కుర్రవాడి మీద నాకు ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. కానీ ఆ ఒక్క నెల మాత్రం వాడు ఆయనకి ఇచ్చేసి ఉంటే బాగుండేది.